హస్తసాక్షి

తరంగిణి ఆస్పత్రిలో పనిచేసే వాళ్ళందరినీ మందాకిని రెండు రకాలుగా విడదీసేది: ఏది పడితే అది నొక్కే వెధవలు, నొక్కే అవకాశం ఇంకా రాని వెధవలు.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ పెద్ద భవనంలో నెట్‌వర్క్ భద్రతంతా ఆమె బాధ్యత. ఒకసారి ఎముకల డాక్టరొకాయన ఉచిత దుబాయ్ యాత్ర అంటూ వచ్చిన మెయిల్ తెరిచాడు. తెరిచి ఊరుకోలేదు, తన పాస్‌వర్డ్ కూడా అడిగిన వాడికి అడిగినట్టు ఇచ్చేశాడు. తెల్లారేసరికి ఆస్పత్రిలో ప్రతి తెరా ఎర్రబడి, ఎవడో ముక్కూమొహం తెలియని వాడు డబ్బిస్తేనే కంప్యూటర్లు తెరుస్తానని బేరానికి దిగాడు. డయాలిసిస్‌కి వచ్చిన ముసలివాళ్ళు మెట్ల మీద కూర్చుని ఎదురుచూశారు. ఆ డాక్టరుగారు మాత్రం క్యాంటీన్‌లో దోశె తింటూ, "ఐనా అంత పెద్ద విమానం బొమ్మ వేశాడండీ, అబద్ధం అనుకుంటామా?" అన్నాడు.

ఆ రోజు నుంచే మందాకిని హస్తసాక్షిని కట్టడం మొదలుపెట్టింది.

దానికి పాస్‌వర్డ్‌తో పనిలేదు. మనిషి కీబోర్డు మీద చెయ్యి వేస్తే చాలు. ఏ వేలు ఎంత బరువుగా పడుతుంది, ఏ అక్షరానికీ ఏ అక్షరానికీ మధ్య ఎంత ఆగుతుంది, తప్పు కొట్టినప్పుడు ఎలా వెనక్కి వెళ్తుంది అన్నవన్నీ గమనించి, ఈ చెయ్యి ఎవరిదో చెప్పేస్తుంది. పాస్‌వర్డ్ దొంగిలించవచ్చు గానీ చెయ్యి ఎవడు దొంగిలిస్తాడు? చెయ్యి తేడాగా అనిపించిందా, ఆ కంప్యూటర్‌కి నెట్‌వర్క్ తలుపు మూసుకుపోతుంది. మందాకిని గదిలో ఒక పెద్ద తెర ఉండేది. దాని మీద ఆస్పత్రిలోని ప్రతి చెయ్యీ ఒక చుక్క. ఒకేలా కొట్టే చేతులు దగ్గర దగ్గరగా చేరేవి. సర్జన్లంతా ఒక గుంపు, బిల్లింగ్ వాళ్ళంతా ఒక గుంపు.

యంత్రం పెట్టిన కొత్తల్లోనే రికార్డుల గుమాస్తా ఒకడు రోగుల వివరాలు బయటికి పంపబోతుంటే, వాడి వేళ్ళలో దడ పసిగట్టి ముందే తలుపు మూసేసింది. మేనేజింగ్ డైరెక్టర్ పట్టాభి గారు ఆ గుమాస్తాను పీకేసి, మందాకినికి శాలువా కప్పారు. శాలువా కప్పుతూ కెమెరా ఎటుందో చూసుకున్నారు. ఆమెకు ఆయన మీద కూడా పెద్ద గౌరవమేం లేదు.

ఫిర్యాదులు రావడం మొదలైంది. పిల్లల వార్డు నర్సు పైడితల్లి ఒకరోజు నేరుగా ఆమె గదికే వచ్చింది.

"మేడమ్, గుంటడికి ఫిట్సొచ్చీసినాయి. మందుల బీరువా తెరుద్దారని కొడతంటే నువ్వు పైడితల్లివి కాదంటాది మీ మిషను. పక్క వార్డుకి పరుగెట్టి తెచ్చినాను. ఆలస్యమైపోతే ఏటి గతి?"

మందాకిని తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "కంగారుగా కొట్టి ఉంటారు. ప్రశాంతంగా కొడితే ఏ ఇబ్బందీ ఉండదు."

"ఆ ప్రశాంతమేదో ఫిట్సొచ్చినోడికే సెప్పండి మేడమ్, నానెవుర్ని," అని తలుపు దబాల్న వేసి వెళ్ళిపోయింది పైడితల్లి.

మందాకిని నవ్వుకుంది. యంత్రంలో మూడు మీటలున్నాయి. ఒకటి కాపలా ఎంత గట్టిగా ఉండాలో చెప్పేది. రెండోది మనిషి గురించి ఎంత గుర్తుపెట్టుకోవాలో చెప్పేది. మూడోది వాడే వాళ్ళకు ఎంత వెసులుబాటు ఇవ్వాలో చెప్పేది. ఒకటి పెంచితే మిగతా రెండింట్లో ఏదో ఒకటి తగ్గాల్సిందే. వెసులుబాటును ఆమె అడుగుకి దించేసింది. జ్ఞాపకాన్ని పూర్తిగా పైకి లేపింది. దొంగలకు భయపడని వాళ్ళే సుఖం అడుగుతారని ఆమె సిద్ధాంతం.

తర్వాత ఫోన్ చేసింది ఆమె అన్నయ్య, డాక్టర్ త్రివిక్రమ్.

ఆస్పత్రికి ఆయన గుండెకాయ లాంటివాడని పట్టాభి గారు ప్రతి సభలోనూ అంటుండేవారు. గుండె ఆపరేషన్లు చేసే మనిషి గురించి అలా అనడంలో గొప్ప చమత్కారం ఉందని ఆయన నమ్మకం. త్రివిక్రమ్ మాత్రం అలాంటి సభలకు వెళ్ళేవాడే కాదు.

"మందా, నీ డబ్బా నన్ను మళ్ళీ బయటికి తోసేసిందే. నా రోగి రిపోర్టు నేను చూసుకోకూడదా?"

"ఒంటి చేత్తో కాఫీ తాగుతూ రెండో చేత్తో కొట్టుంటావు. నీ సంగతి నాకు తెలీదా?"

"కాఫీ మానేసి చాన్నాళ్ళయింది," అన్నాడాయన. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

ఆమె ఆయన చుక్క వెతికింది. సర్జన్ల గుంపులో లేదు. వెనక్కి తిప్పుతూ పోయింది. నెల వెనక నెల, ఆ చుక్క గుంపు నుంచి విడివడి, తెర మీద కుడివైపుకి మెల్లగా జరుగుతూ వస్తోంది. అది ఎటు పోతోందో ఆమె ఆ మూలను పెద్దది చేసి చూసింది. అక్కడ కొన్ని పాత చుక్కలున్నాయి. అవి సిబ్బందివి కావు. వణుకుడు జబ్బు ఉన్న వాళ్ళను యంత్రం దొంగలనుకోకూడదని, మొదట్లో నరాల విభాగం రోగులను కొందరిని బతిమాలి కూర్చోబెట్టి ఆమే నేర్పించిన చేతులవి. తాగుడు, నిద్రమాత్రలు, మతిమరుపు ఉన్న రోగుల చేతులు కూడా అలాగే నేర్పించింది, అవి వేరే మూలల్లో ఉన్నాయి.

యంత్రానికి జబ్బు పేరు తెలియదు. ఏ చెయ్యి ఏ చేతిలా ఉందో మాత్రమే తెలుసు.

ఆదివారం భోజనానికి వస్తున్నానని వదినకు ఫోన్ చేసింది. సునంద వదిన వంజరం పులుసు పెట్టింది. ఆడపడుచు వచ్చిందన్న సంబరంలో ఆవిడ గలగలా మాట్లాడుతూనే ఉంది. త్రివిక్రమ్ కుడిచేత్తో ముళ్ళు తీసుకుంటున్నాడు. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. భోజనమంతా అయ్యేదాకా అది బల్ల మీదికి రాలేదు. చెయ్యి కడుక్కోవడానికి లేచి నడుస్తుంటే కుడిచెయ్యి ఊగింది, ఎడమచెయ్యి ఊగలేదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన వదిన ఇది చూడలేదా అనుకుంటే ఆవిడ మీద కూడా మందాకినికి చిరాకు వేసింది.

బాల్కనీలోకి వెళ్ళాక అడిగింది. "ఎడమ చెయ్యి చూపించు."

"ఏం, జాతకం చెప్తావా?"

"అన్నయ్యా."

ఆయన చూపించాడు. గాలికి వణుకుతోందనుకోడానికి లేదు. ఆ మధ్యాహ్నం ఆకు కూడా కదలడం లేదు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"నీ డబ్బా కంటే కాస్త ముందే."

"తెలిసీ కత్తి పట్టుకుంటున్నావా? సిగ్గులేదూ? ఎవడో పనికిమాలిన డాక్టరు చేశాడంటే అర్థం చేసుకుంటాను. నువ్వు కూడానా?"

"మందులు వాడితే పని చేసేటప్పుడు వణకదు. కొంతకాలం వణకదు. ఆ కొంతకాలం ఎంతో ఎవడూ చెప్పలేడు." ఆయన రెయిలింగు పట్టుకున్నాడు. "సరే, నాకు సిగ్గులేదు. మరి నీకుందా? నా జబ్బు గురించి నా పెళ్ళానికి నేనింకా చెప్పుకోలేదు. నీ పెట్టె నన్నడక్కుండా నా చేతిని చదివేసింది. నువ్వు పెట్టెను చదివావు. ఇప్పుడు నా ఇంట్లో నా అన్నం తిని దొంగని నిలదీసినట్టు నిలదీస్తున్నావు."

"దొంగే కదా. నీ కత్తి కింద పడుకున్న వాడికి ఆ సంగతి తెలుసుకునే హక్కు లేదా?"

లోపలి నుంచి వదిన, "అన్నాచెల్లెళ్ళు మళ్ళీ మొదలెట్టారూ?" అని నవ్వుతూ కేకేసింది.

"బుధవారం పాడేరు పిల్లకి వాల్వు మార్చాలి," అన్నాడు త్రివిక్రమ్ చివరికి. "తండ్రి లేడు. నేనే చేస్తానని వాళ్ళమ్మకి మాటిచ్చాను. అదొక్కటి కానివ్వు. తర్వాత నా నోటితో నేనే చెప్తాను. అంతవరకు నీ తలుపు నా కోసం తెరిచిపెట్టు."

ఆమె నిప్పులు కక్కింది, ఛీ కొట్టింది, ఆఖరికి ఒప్పుకుంది. ఎవరైనా వచ్చి తమ కోసం నియమం సడలించమంటే వాళ్ళను ఎన్నేళ్ళుగా పురుగుల్లా చూసిందో! సోమవారం పొద్దున తన చేతులతోనే అన్నయ్య పేరు మీద కాపలా మీటను కిందికి దించింది. ఇక ఆ పేరుతో ఏ చెయ్యి వచ్చినా యంత్రం పెద్దగా పట్టించుకోదు.

బుధవారం ఆమె ఆపరేషన్ థియేటర్ అద్దం బయట, లోపలి మాటలు వినిపించే స్పీకరు పక్కన నిలబడింది. లోపలికి అడుగుపెట్టే అర్హత తనకు లేదని తెలుసు, కానీ గదిలో కూర్చోలేకపోయింది. త్రివిక్రమ్ ఛాతీ తెరిచేంతవరకు మామూలుగానే చేశాడు. గుండె ఆపి, దాని పని చేసిపెట్టే యంత్రానికి పిల్లను కలిపారు. సూది అందుకోవడానికి ఎడమచెయ్యి చాపి, చాపిన చేతిని ఆయన ఒక్కక్షణం చూసుకున్నాడు. తర్వాత వెనక్కి తీసుకున్నాడు.

"నిహారికా, నువ్వు కుట్టు," అన్నాడు తన జూనియర్‌తో.

"సార్?"

"నా చెయ్యి బాగాలేదు. ఇవాళే కాదు, ఇకముందూ బాగుండదు. నువ్వు కుట్టు, నేను పక్కనే ఉంటాను."

నిహారిక కళ్ళు మాస్కు పైన పెద్దవయ్యాయి. కానీ సూది అందుకుంది. త్రివిక్రమ్ చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఎక్కడ గుచ్చాలో, ఎంత లాగాలో మెల్లగా చెబుతూ నిలబడ్డాడు. పిల్ల గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. అద్దం బయట మందాకిని ఏడ్చింది. తను సిగ్గులేనివాడని తిట్టిన మనిషి, అంతమంది ముందు అంత తేలిగ్గా ఆ మాట అనేస్తాడని ఆమె ఊహించలేదు.

ఆ సాయంత్రమే ఆయన వదినకు చెప్పుకున్నాడు. మర్నాడు పొద్దున ఆస్పత్రికి చెబుదామని బయల్దేరేలోపే కబురు వచ్చింది, బోర్డు సమావేశానికి ఇద్దరూ రావాలని.

జరిగింది ఇది. ఆయన ఆపరేషన్‌లో ఉండగా, పేస్‌మేకర్లు అమ్మే కంపెనీ ఏజెంటు ఒకడు ఖాళీగా ఉన్న ఆయన గదిలో కూర్చుని, ఆయన కంప్యూటర్‌లోంచి గుండె రోగుల పేర్లూ ఫోన్ నంబర్లూ దులుపుకుపోయాడు. మామూలుగా అయితే మొదటి అక్షరానికే యంత్రం వాడి చెయ్యి పట్టుకునేది. ఆ పేరుకు తలుపు తెరిచి ఉంది కాబట్టి ఊరుకుంది. ఎవరికైనా నియమం సడలిస్తే ఆ సంగతీ, ఆ మనిషి చుక్క ఎటు జరిగిందన్న సంగతీ వారానికోసారి తనంతట తానే ఎండీ పట్టాభి గారికి చేరవేయాలని యంత్రానికి చెప్పింది కూడా మందాకినే. ఎవర్నీ నమ్మని మనిషి కదా, తనను మాత్రం ఎందుకు నమ్ముకుంటుంది?

పట్టాభి గారు కోపంగా ఉంటారనుకుంది. ఆయన పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నారు.

"చూశారా, ఒక్కరి కోసం తలుపు తీస్తే ఏమయిందో! మందాకిని గారు చేసింది తప్పు. కానీ ఆ తప్పులోంచి మనకో అద్భుతం బయటపడింది. ఈ యంత్రం దొంగల్నే కాదు, జబ్బుల్ని కూడా పసిగడుతుందట!" ఆయన బల్ల చుట్టూ చూశారు. "ఇకనుంచి ప్రతి ఉద్యోగి చెయ్యీ పరిశీలిద్దాం. ఎవరు తాగొస్తున్నారు, ఎవరికి దిగులు జబ్బుంది, ఎవరు గర్భం దాచిపెట్టి సెలవుల కోసం చూస్తున్నారు, ఎవరు వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నారు, అన్నీ ముందే తెలిసిపోతాయి. రోగుల భద్రత కోసమేనండీ! త్రివిక్రమ్ గారి విషయంలో మనం ఎంత ప్రమాదం తప్పించుకున్నామో ఆలోచించండి."

బోర్డు సభ్యులు తలలూపారు. ఒకాయన 'భలే' అన్నట్టు బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు.

"ప్రమాదం తప్పించింది యంత్రం కాదు. నేను," అన్నాడు త్రివిక్రమ్. "ఆలస్యంగా తప్పించాను, ఆ తప్పు నాది. దానికి ఏ శిక్ష వేసినా పడతాను. కానీ మీరు మాట్లాడుతున్నది నా గురించి కాదు."

మందాకిని వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చుంది. దుబాయ్ మెయిల్ తెరిచిన డాక్టరు వీళ్ళకంటే నయం, వాడు వట్టి మూర్ఖుడు. వీళ్ళు పక్కవాడి ఒంట్లోకి తొంగిచూడడాన్ని సేవ అని పిలుచుకునే రకం. ఆ చూపు వీళ్ళకు తయారుచేసి పళ్ళెంలో పెట్టి ఇచ్చింది ఎవరు? శాలువా కప్పించుకున్న మనిషి. అందరికంటే ఎక్కువ అసహ్యం ఆమెకు అక్కడే కలిగింది.

లేచి, గోడ మీది పెద్ద తెర వెలిగించింది. తన గది తెర మీది చుక్కలే అక్కడా మెరిశాయి. ఒక కీబోర్డు తెచ్చి పట్టాభి గారి ముందు పెట్టింది.

"చాలా మంచి ఆలోచన సార్. పెద్దలతోనే మొదలుపెడదాం. ఒక్క వాక్యం కొట్టండి, మీ ఇష్టం. మీ చుక్క ఎవరి పక్కన పడుతుందో అందరం చూస్తాం. తాగేవాళ్ళ చేతులు ఇక్కడున్నాయి. నిద్రమాత్రల వాళ్ళవి ఈ పక్కన. మతిమరుపు మొదలైనవి ఆ మూల. మీ తర్వాత కీబోర్డు ఒక్కొక్కరి ముందుకీ తెస్తాను."

పట్టాభి గారు నవ్వబోయారు. చెయ్యి ముందుకు వచ్చింది, మధ్యలో ఆగింది, కళ్ళజోడు సర్దుకోవడానికి పైకి వెళ్ళింది, అట్నుంచి జేబులోకి వెళ్ళిపోయింది. తాళం వేస్తున్నాయన వేళ్ళు ఆగిపోయాయి. ఒక్కొక్కరివే చేతులు మెల్లగా బల్ల కిందికి దిగాయి. కాసేపటికి అంత పొడుగు బల్ల మీద నీళ్ళ సీసాలు తప్ప ఏమీ మిగల్లేదు.

"కొట్టండి సార్," అంది మందాకిని. "ప్రశాంతంగా కొడితే ఏ ఇబ్బందీ ఉండదు."

చివరికి ఆస్పత్రి పెట్టినాయన భార్య, బోర్డు అధ్యక్షురాలు నాగరత్నమ్మ గారు నోరు విప్పారు. అంతసేపూ ఆవిడ చేతులు కూడా చీర కొంగు కిందే ఉన్నాయి.

"సరేనమ్మాయ్, మా మొహాల మీద కొట్టింది చాలు. ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు."

చెప్పింది. యంత్రం ఇవాళ్టి చేతిని ఇవాళే గుర్తుపెట్టుకోవాలి. డ్యూటీ దిగగానే మరిచిపోవాలి. డ్యూటీ ఎక్కేటప్పుడు ప్రతివాళ్ళూ తమ కార్డు చూపించి, తమకు తోచిన వాక్యం ఒకటి కొట్టాలి. ఆ వాక్యం ఎవరూ చదవకూడదు, ఆమె కూడా. ప్రాణం మీదికి వచ్చే చోట్ల చెయ్యి తేడాగా ఉన్నా తలుపు మూయకూడదు. మందు ఇచ్చేసి, తర్వాత మనిషిని పంపి కనుక్కోవాలి. కత్తి పట్టే వాళ్ళ చేతులను, వాళ్ళకు తెలిసి, వాళ్ళ ఎదుటే, సాటి డాక్టరు పరీక్షించాలి.

"దీనివల్ల నష్టమేం లేదా?" అన్నారు నాగరత్నమ్మ గారు.

"ఉంది. నిన్నటి చెయ్యి గుర్తులేని యంత్రాన్ని ఓపికున్న దొంగ మోసం చేయగలడు. ఎప్పుడో ఒకప్పుడు చేస్తాడు. ఆ రోజు మీరంతా నన్నే అంటారు."

అన్నట్టే అయింది. వానాకాలం దాటకముందే ఎవడో ఒకడు, దొంగిలించిన కార్డుతో నైట్ డ్యూటీ మనిషిలా చొరబడి, రెండు వార్డుల రికార్డులు చెడగొట్టి పోయాడు. దాచి ఉంచిన నకళ్ళలోంచి అవి తిరిగి తెచ్చేదాకా నర్సులు కాగితాల మీద రాసుకున్నారు. పట్టాభి గారు ఆమె గదికి వచ్చి, "చెప్పానా?" అని ఊరుకుని వెళ్ళారు. ఆ ఒక్క మాట కోసం ఆయన ఎన్నాళ్ళు కాచుకుని ఉన్నారో ఆయన నడకలోనే తెలిసింది. మందాకిని కార్డుల తయారీ మార్పించింది. జ్ఞాపకం మీటను మాత్రం ముట్టుకోలేదు.

సిబ్బందికి కూడా ఆమె మీద ప్రేమేం పుట్టలేదు. లిఫ్టులో కనిపించిన పైడితల్లి మొహం మీదే చెప్పింది. "దినామూ కొత్త వాక్యం ఎక్కణ్ణించి తెమ్మంటారు మేడమ్? మేం మీ పేరు కొట్టి పక్కన ఓ తిట్టు కొడతన్నాం. దినానికో రకం తిట్టు." మందాకిని, "మంచిది, తిట్లకి కొదవుండదుగా," అంది. పైడితల్లి నవ్వలేదు గానీ, లిఫ్టు తలుపు ఆమె దిగేదాకా పట్టుకుంది.

త్రివిక్రమ్ కత్తి వదిలేశాడు. ఆయన మీద విచారణ జరిగింది, మందలించారు, తర్వాత నిహారిక లాంటి కుర్ర సర్జన్లకు పాఠం చెప్పే పని ఇచ్చారు. పాడేరు పిల్ల పరీక్షకు వచ్చినప్పుడల్లా ఆయన గదిలోకి తొంగిచూసి పోతుంది. వదిన నెల్లాళ్ళు ఆయనతోనూ, ఆడపడుచుతోనూ కూడా మాట్లాడలేదు. ముందుగా తనకు చెప్పనందుకు ఆయన మీద, తనకంటే ముందు తెలుసుకున్నందుకు ఈమె మీద ఆవిడకు కోపం. ఆ కోపం పూర్తిగా పోయిందని మందాకిని ఇప్పటికీ అనుకోదు.

ఒకరోజు పొద్దున ఆమె పాఠాల గదికి వెళ్ళేసరికి ఆయన కీబోర్డు ముందు కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి ఇప్పుడు దాచడం లేదు. అది కీల మీద తడబడుతోంది, ఒకటికి రెండుసార్లు ఒకే అక్షరం పడుతోంది. ఆయన చెరిపి మళ్ళీ కొడుతున్నాడు. చాలాసేపు పట్టింది. యంత్రం తొందరపెట్టలేదు, ఎవరు నువ్వు అని అడగలేదు. ఆమె గుమ్మంలోనే నిలబడి, తెర కనపడకుండా మొహం పక్కకు తిప్పుకుంది.

కంప్యూటర్‌లో నెట్‌వర్క్ తలుపు తెరుచుకున్న చప్పుడు చిన్నగా వినిపించింది.

"ఏం కొట్టానో తెలుసా?" అన్నాడు త్రివిక్రమ్.

"తెలీదు."

"నిజంగా?"

"నిజంగా తెలీదన్నయ్యా."

ఆయన కాసేపు ఆమెను అనుమానంగా చూశాడు. తర్వాత పక్క కుర్చీ మీది పుస్తకాలు తీసి, కూర్చోమన్నాడు.